చెక్ బాబాయి, చర్చి మీద హారన్

చెక్ బాబాయికి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో పిలిస్తే మాత్రం ఆయన పలకడు. వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తల తిప్పి చూస్తాడు. ఆదివారం ఆరాధన మొదలయ్యే ముందు మైకు చేతిలోకి తీసుకుని, రెండు వేళ్లతో దాని నెత్తిమీద టకటకా కొట్టి, "హలో... చెక్... చెక్" అనడం ఆయన పని. ఆ రెండు మాటలే ఆయనకు పేరైపోయాయి. పిల్లలకు ఆయన బాబాయి, పిల్లల తల్లిదండ్రులకూ బాబాయే. చివరికి వయసులో ఆయనకంటే పెద్దవాడైన పాస్టరు గారికి కూడా బాబాయే.

వారమంతా ఆయన బతుకు వేరు. వీధి మొదట్లో ఇరుకు కొట్టు. అందులో తిరగని ఫ్యాన్లు, తిరగడం మొదలుపెడితే ఆగని ఫ్యాన్లు, మూతల్లేని మిక్సీలు, పేగులు బయటపెట్టుకుని పడున్న రేడియోలు. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు ఊపిరి బయటే పీల్చుకుని రావాలి. టంకం పొగ కళ్లలోకి కొడుతుంటే ఒక కన్ను మూసి, నాలుక కొస బయటపెట్టి పని చేస్తాడు. చెయ్యి మంచిదే. మాటే కాస్త తేడా. "రేపు రండి" అని ఆయన అన్నాడంటే ఎల్లుండి వెళ్లినా అదే మాట వినపడుతుంది.

మైకు దగ్గరికి ఆయన సరదాపడి వచ్చినవాడు కాదు. కుర్రతనంలో పాటల బృందంలో చేరాడు. పాటలు నేర్పే ఆయన రెండు వారాలు ఓపిక పట్టి, "నాయనా, నువ్వు పెదాలు మాత్రం కదుపు" అన్నాడు. మరో వారానికి, "పెదాలు కూడా వద్దులే, పక్కవాళ్లు నిన్ను చూసి దారి తప్పుతున్నారు" అన్నాడు. పోనీ నలుగురిలో లేచి ప్రార్థన చేద్దామంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. పాడలేడు, ప్రార్థించలేడు. ఇక చర్చిలో ఆయన కూర్చోవడానికి తప్ప ఎందుకు పనికొస్తాడు?

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, పాట మధ్యలో స్పీకరు చచ్చిపోయింది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటుంటే ఇతను బల్ల కిందికి పాకి, తెగిన తీగను పళ్లతో కొరికి, మెలిపెట్టి కలిపాడు. గుయ్యిమని ప్రాణం వచ్చింది. బల్ల కింద నుంచి తల బయటపెట్టేసరికి చర్చి మొత్తం తనవైపే చూస్తోంది. ఆ చూపు ఆయన జన్మలో మరిచిపోలేదు. అప్పటి నుంచి మైకు ఆయనది, ఆయన మైకుది.

తన పెళ్లిలో కూడా ఆయన మైకును వదల్లేదు. పెళ్లికూతురు పక్కన నిలబడి ప్రమాణం చేయాల్సిన సమయానికి స్పీకరు కీచుమని కూత పెట్టింది. పెళ్లికొడుకు పెళ్లికూతురి చెయ్యి వదిలేసి ఆంప్లిఫయరు దగ్గరికి పరిగెత్తాడు. "ఆ రోజే అర్థమైంది నాకు, నేను రెండోదాన్నని" అంటుంది ఆయన భార్య ఇప్పటికీ. ఆవిడను అందరూ పిన్ని అంటారు. కొట్టు వెనక గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో సగం మందికి బట్టలు కుడుతుంది. ఆవిడ నోటికీ కత్తెరకీ పెద్ద తేడా లేదు.

ఇక హారన్ సంగతి. పాత ఇనుప సామాన్ల కుప్పలో మూతి సొట్టపోయిన లౌడ్‌స్పీకరు హారన్ ఒకటి దొరికితే బాబాయి ఎత్తుకొచ్చాడు. సుత్తితో సొట్ట తీశాడు, లోపలి యంత్రం మార్చాడు, బూడిద రంగు వేసి చర్చి పైకప్పు మీద వీధివైపు తిప్పి బిగించాడు. "లోపలికి రానివాళ్లకు కూడా వినపడాలి కదండీ" అన్నది ఆయన సిద్ధాంతం. దానితో రోజూ వేకువ ప్రార్థన వీధంతటికీ వెళ్లేది. గొంతు లేని మనిషికి అది గొంతు అయింది. ఆయన నోరు తెరిచి చెప్పలేనిదంతా ఆ ఇనుప నోరు చెప్పేది.

సరిగ్గా ఆ ఇనుప నోటికి ఎదురుగా, వీధికి అవతలి పక్క మేడమీది గదిలోకి అద్దెకు దిగింది బేకరీ అక్క. రాత్రంతా బేకరీలో పొయ్యి దగ్గర పని. తెల్లవారబోతుండగా ఇంటికొచ్చి, జుట్టులో పిండి దులుపుకునే ఓపిక కూడా లేక మంచం మీద వాలేది. కన్ను మూతపడే వేళకు ఎదురుగా "హలో... చెక్... చెక్" అని మొదలయ్యేది. తర్వాత పాట, ఆ తర్వాత ప్రార్థన, మళ్లీ పాట. అంతా అయ్యేసరికి వీధి నిద్ర లేచేది, ఇక ఆవిడకు నిద్రెక్కడిది?

కొన్ని నెలలు ఓర్చుకుంది. ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికొస్తుంటే గుమ్మంలో నిలబడి ఉంది. కుడి చేతికి మోచేతి దాకా కట్టు.

"అయ్యా, నేను మీ దేవుడికి అడ్డం రాను," అంది పాస్టరు గారితో. "పొయ్యి దగ్గర నిలబడే కునుకు తీశాను. చెయ్యి కాలింది. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోకి రావద్దన్నాడు మా యజమాని. ఆ పని పోతే నాకు ఇంకో దారి లేదు. పొద్దున పూట కాస్త పడుకోనివ్వండి చాలు."

పాస్టరు గారు మెత్తటి మనిషి. మరీ మెత్తన. ఎవరు ఏమడిగినా "ప్రార్థిద్దాం, పెద్దలతో మాట్లాడదాం" అంటారు. అదే అన్నారు. పక్కనే వైరు చుట్టుకుంటున్న బాబాయి చేతులు ఆగిపోయాయి. ఆ పొద్దున హారన్‌లోంచి వీధిలోకి వెళ్లిన ప్రసంగం పొరుగువాళ్లను ప్రేమించడం గురించి. ఆ సంగతి అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. ఆయనకైతే అసలే రాలేదు. ఆయన మనసులో ఉన్నదల్లా, హారన్ దించేస్తారా?

సాయంత్రం పెద్దల సమావేశం పెట్టారు. ఇక్కడ బాబాయి పని పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయన మైకు మీది మీట ఎప్పుడూ ముట్టుకోడు. ముట్టుకుంటే అరుగుతుందని నమ్మకం. పని అయ్యాక బీరువాలో ఉన్న ఆంప్లిఫయరు దగ్గరికి వెళ్లి అక్కడే అన్నీ కట్టేస్తాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ తేడా రాలేదు. ఆ సాయంత్రం మాత్రం వైరు లేని మైకొకటి బాగుచేసి పరీక్షిస్తుండగా, "బాబాయ్, నువ్వు కూడా రావయ్యా, నీ హారన్ గురించే" అని పిలిచారు. మైకును చేతిలో పట్టుకునే వెళ్లి బల్ల మీద పెట్టి, దుమ్ము పడకుండా పైన జేబురుమాలు కప్పాడు. బీరువాలో ఆంప్లిఫయరు ఎర్ర దీపం వెలిగించుకుని హాయిగా ఉంది. పైకప్పు మీద హారన్ కూడా.

"బాబాయ్, కుర్చీ ఇటు లాగు," అన్నాడు హార్డువేరు పెద్దాయన. ఆయనకు మేకుల దగ్గర్నుంచి గేట్ల దాకా అమ్మే పెద్ద దుకాణం ఉంది, చర్చిలో ఆయన మాటకు బరువుంది. "ఇందులో చర్చించడానికి ఏముందండీ? ఈ చర్చి ఎప్పటి నుంచి ఉంది, ఆవిడ ఎప్పుడొచ్చింది? నిన్నగాక మొన్న దిగి మనల్ని గొంతు తగ్గించమంటే ఎలా?"

"చెయ్యి కాలిందిగా పాపం," అన్నారు పాస్టరు గారు.

"కాలితే మందు రాసుకోవాలి గానీ చర్చి మీద పడితే ఎలా? ఆ ఇంటి ఓనరు నాకు తెలిసినవాడే. ఒక్క మాట చెబితే ఖాళీ చేయిస్తాడు. ఆవిడకు నిద్ర, మనకు ప్రశాంతత."

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. సవరించుకుని ఊరుకున్నారు.

"నువ్వేమంటావు బాబాయ్?"

హారన్ నిలబడుతుందన్న ధైర్యం వచ్చేసరికి బాబాయికి హుషారు కూడా వచ్చింది. "అంత దూరం ఎందుకండీ! చెవుల్లో ఇంత దూది కుక్కుకుని పడుకోమనండి. దూది కావాలంటే మా ఆవిడ దగ్గర బోలెడుంది."

అందరూ గొల్లున నవ్వారు. తన మాటకు నలుగురు నవ్వడం బాబాయికి కొత్త. ఆయనా నవ్వాడు.

"సరే. కానీ ఈ మాటలు ఈ గది దాటకూడదు," అన్నాడు పెద్దాయన.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. పిన్ని. మెడలో కొలత టేపు, చేతిలో కత్తెర, ఒక కాలికే చెప్పు.

"ఏవయ్యా, బుద్ధుందా నీకు? వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి వింటోంది!"

ఆవిడ అరుపు ఒకసారి గదిలో వినపడింది. తలుపు తెరిచి ఉండడంతో రెండోసారి పైకప్పు మీంచి కూడా వినపడింది. అందరి చూపులూ నెమ్మదిగా జేబురుమాలు మీదికి వెళ్లాయి. బాబాయి లేచి బీరువా దగ్గరికి పరిగెత్తి ఆంప్లిఫయరు కట్టేశాడు. పిన్ని కత్తెర టక్కున మూసింది.

"నాకు కూడా బానే వినపడింది," అంది పిన్ని. "దూది నా దగ్గర బోలెడుందట! తెచ్చి నీ నోట్లో కుక్కనా?"

హార్డువేరు పెద్దాయన మొహం మీద చెమట తుడుచుకున్నాడు. దుకాణంలో ఏ సామానూ లేదనడు, అడిగింది లేకపోతే ఇంకేదో చూపించి అంటగడతాడు. ఆ తెలివి ఇక్కడా పనిచేసింది. "కంగారు పడకండి. నాటిక అని చెబుదాం. వచ్చే ఆదివారం నాటిక ఉంది, దానికి రిహార్సలు చేస్తున్నాం, చెడ్డవాళ్ల పాత్రల్లో మేం. బాబాయ్, నువ్వు మైకు పెట్టి ఆ ముక్క చెప్పెయ్. నీ వల్ల వచ్చిన తిప్పలు, నువ్వే తీర్చాలి. లేదంటావా, ఇక ఈ మైకు ఇంకొకళ్ల చేతికిస్తాం."

బాబాయి పాస్టరు గారి వైపు చూశాడు. పాస్టరు గారు బల్ల వైపు చూశారు.

బీరువా దగ్గరికి నడుస్తున్నంతసేపూ ఆయన చెప్పాలనే అనుకున్నాడు. చిన్న ముక్క. చెప్పేస్తే మైకు మిగులుతుంది, హారన్ మిగులుతుంది, పరువు కూడా మిగులుతుంది. ఎర్ర దీపం వెలిగించాడు. మైకు తీసుకుని అలవాటు ప్రకారం కిటికీలోంచి హారన్ తిరిగి ఉన్న వైపు చూడబోతే, ఎదురు మేడమీద ఆవిడ కనిపించింది. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. కట్టు కట్టిన చెయ్యి కూడా ఊచల మీదే ఉంది. ఏడవడం లేదు, తిట్టడం లేదు. ఇంకా ఏమంటారో విందామన్నట్టు ఉంది, అంతే.

"హలో," అన్నాడు. "చెక్." వీధిలో ఎవరో దగ్గారు. "నాటిక అని చెప్పమన్నారండీ. నాటిక కాదు. మేమే. దూది మాట... ఆ మాట అన్నది నేనే. చెక్ బాబాయిని. నవ్వింది కూడా నేనే."

నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి మైకు అందుకుంది. పాస్టరు గారు.

"ఖాళీ చేయిద్దాం అన్నప్పుడు నోరు మూసుకుని కూర్చున్నది నేను," అన్నారు. ప్రసంగాల్లో ఎప్పుడూ లేని గొంతు అది. పొడిగా, మామూలుగా ఉంది. "పొద్దున ప్రేమ గురించి అంతసేపు చెప్పిన మనిషిని నేనే. తప్పు చేశాం, అమ్మా."

ఇద్దరూ కలిసి హార్డువేరు పెద్దాయన వైపు చూశారు. పిన్ని కూడా చూసింది, కత్తెరతో సహా. పెద్దాయన కాసేపు గింజుకున్నాడు. గుమ్మం వైపు చూశాడు, అక్కడ పిన్ని అడ్డంగా ఉంది. చివరికి విసురుగా మైకు లాక్కుని, "మిగతావన్నీ నేనన్నవే. గొంతు గుర్తుపట్టే ఉంటారు," అని తిరిగిచ్చేశాడు.

మైకులో చెప్పడం ఒకెత్తు. మెట్లెక్కి వెళ్లి మొహం చూడడం ఇంకొకెత్తు. ముగ్గురూ వెళ్లారు. తలుపు కొట్టేది నువ్వంటే నువ్వని మెట్ల మీదే కాసేపు తోసుకున్నారు. ఈలోగా ఆవిడే తలుపు తీసింది.

"అమ్మా, మేము ఇందాక..." అని మొదలుపెట్టారు పాస్టరు గారు.

"విన్నాను."

"ఎక్కడి నుంచి విన్నావమ్మా?" అన్నాడు పెద్దాయన, ఇంకా ఏదో ఆశతో.

"కుర్చీ ఇటు లాగు అన్న దగ్గర్నుంచి."

ఇక దాచడానికేం మిగల్లేదు. బాబాయి తల వంచుకుని, "దూది మాట తప్పమ్మా," అన్నాడు.

"ఆ ఆలోచన నాకెప్పుడో వచ్చింది, బాబాయి గారూ. పెట్టుకుని చూశాను. మీ హారన్ దూదిని లెక్కచేయదు." ఆవిడ మొహంలో నవ్వు ఉందో లేదో తేల్చుకునేలోపు మళ్లీ అంది, "క్షమాపణ సరేలెండి. ఇంటి ఓనరు ఇందాకే వచ్చి వెళ్లాడు. చర్చి వాళ్లతో గొడవెందుకు, నెలాఖరుకు ఖాళీ చేసెయ్యమన్నాడు. బేకరీకి నడిచి వెళ్లేంత దగ్గరలో నాకు ఇంకో గది ఎవరిస్తారు?"

మాట జారడమంటే హార్డువేరు పెద్దాయనకు ఇన్నాళ్లూ జారి కింద పడడమే. అది నడిచి వెళ్లి తలుపు కూడా కొడుతుందని తెలియదు. మెట్లు దిగి నేరుగా ఓనరు ఇంటికి వెళ్లాడు. మిగతా ఇద్దరూ వెనకే.

"మీరే కదండీ అన్నది!" అన్నాడు ఓనరు తెల్లబోయి. "మీరు అడక్కముందే చేసిపెడదామని పరిగెత్తుకెళ్లాను. వీధంతా విన్నారు కూడానూ."

"అన్నాను. వెనక్కి తీసుకుంటున్నాను. అది కూడా వీధంతా వినాలంటే చెప్పు, మైకు తెప్పిస్తాను."

"వద్దు బాబోయ్! ఇవాళ్టికి చాలు. ఉండమనండి ఆవిణ్ణి."

హారన్ దించమని బాబాయికి ఎవరూ చెప్పలేదు. చెబితే బాగుండేది, చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకోవచ్చు. ఆ సాయంత్రమే నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కింద పిన్ని నిచ్చెన పట్టుకుంది. మరలు తుప్పు పట్టి ఓ పట్టాన రాలేదు. ఆయన కూడా పెద్దగా తొందరపడలేదు. కిందికి దించాక, పొత్తిళ్లలో బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడుస్తున్నావా?"

"తుప్పు రాలింది కంట్లో."

"రెండు కళ్లలోనూనా?" అంది పిన్ని. అని, కొంగుతో తుడిచింది. పెళ్లయినప్పటి నుంచి ఆవిడ మైకు గురించి ఒక్క మంచి మాట అనలేదు. ఆ పూట అంది. "ఇన్నేళ్లు 'చెక్, చెక్' అన్నావు. ఇవాళ దాని తర్వాత మాట్లాడావయ్యా."

మర్నాడు వేకువన వింత జరిగింది. హారన్ లేకపోతే ప్రార్థనకు ఎవరొస్తారని పెద్దాయన బెంగపడ్డాడు. వచ్చి చూస్తే బెంచీలు నిండిపోయాయి. సంగతేమిటంటే, ఇన్నాళ్లూ సంఘంలో సగం మంది ఇంట్లోనే పడుకుని, హారన్‌లో వింటూ, దుప్పట్లోంచే ఆమెన్ అంటున్నారట! ఇప్పుడు ఇంట్లోకి వినపడదని తెలిసేసరికి లేచి మొహం కడుక్కుని రావాల్సి వచ్చింది. "నీ హారన్ ఇంతమందిని సోమరులను చేసిందా బాబాయ్!" అన్నారు పాస్టరు గారు. ముందు వరుసలో కూర్చునే చెవిటి అవ్వ మాత్రం తనకేమీ వినపడటం లేదని గొడవ చేసింది. ఆవిడ కోసం బాబాయి పాత రేడియోలోని చిన్న స్పీకరు విప్పి, ఆవిడ చెవి పక్కనే గోడకు బిగించాడు. అవ్వ ఇప్పుడు పాస్టరు గారిని, "అంత అరవకు నాయనా" అని కసురుతుంది.

అయితే హారన్ దించినంత మాత్రాన సరిపోలేదు. అంతమంది ఒకేసారి తెల్లవారకుండా వీధిలోకి వస్తే ఆ సందడి కూడా తక్కువేం కాదు. బేకరీ అక్క కిటికీ కిందికి రాగానే అందరూ ఒకరినొకరు "ష్!" అని హెచ్చరించుకునేవాళ్లు. ఆ "ష్"లు మాటలకంటే గట్టిగా వినపడేవి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ల మీద నడిచేవాళ్లు, నవ్వు ఆపుకోలేక మూతి మూసుకునేవాళ్లు. హార్డువేరు పెద్దాయన స్కూటరు ఆ వీధిలోకెల్లా పెద్ద గొంతుది. ఆయన వీధి మలుపులోనే ఇంజను కట్టేసి, ఆ బరువును రొప్పుతూ తోసుకుంటూ వచ్చేవాడు. అలా చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "వ్యాయామం" అనేవాడు.

ఒక వేకువన ప్రార్థన ముగించుకుని పెద్దాయన స్కూటరు తోసుకుంటూ వస్తుంటే, బాబాయి నడివీధిలో తల పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా, హారన్ మళ్లీ ఎక్కడ పెడదామా అని చూస్తున్నావా?"

"ష్... వినండి."

పెద్దాయన స్కూటరు ఆపి చెవి ఒగ్గాడు. ఎదురు మేడమీద మూసిన కిటికీ సందులోంచి గురక వస్తోంది. మామూలు గురక కాదు. కొలిమి తిత్తిలా ఎగదోసుకుంటూ, మధ్యలో చిన్న ఈల వేసి, మళ్లీ మొదటికొచ్చే గురక.

"సౌండు బాగానే ఉంది," అన్నాడు పెద్దాయన చాలా మెల్లిగా.

బాబాయి ఒక కన్ను మూసి, తల ఓ పక్కకు వంచి, ఇంకొంచెం విన్నాడు. "బేసు కాస్త ఎక్కువైంది," అన్నాడు. "అయినా పర్లేదు. ముట్టుకోకండి."